కీ.శే. పెట్టిన పెళ్లిపత్రిక

తిరుపతిలో ఎమ్మే ఇంగ్లీషు చదివే రోజుల్లో మా లెక్చరర్ ఒకాయన వీసీఆర్ అద్దెకు తెప్పించి, క్లాసు గదిలోనే మాకొక పాత బ్రిటిష్ సినిమా చూపించారు. నలుపు తెలుపు బొమ్మ. ఒక పెద్దింటి ఆస్తికీ తనకూ మధ్య అడ్డున్న బంధువులను ఒక కుర్రవాడు వరసగా చంపుకుంటూ పోతాడు. అదీ ఎంతో మర్యాదగా, చొక్కా నలగకుండా. ఒకరు పోయినప్పుడల్లా వంశవృక్షంలో ఆ పేరు కొట్టేస్తాడు. మేము పడీపడీ నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. "హత్యలు చూసి ఎందుకు నవ్వామో రెండు పేజీలు రాసుకు రండి" అన్నారు లెక్చరర్. ఆ రెండు పేజీలు నేను ఇవ్వనే లేదు. ఆ వారమే ఇంటి నుంచి కబురొచ్చింది.

మా ఊరు చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో. నాయన, ఆయన అన్న, ఇద్దరే అన్నదమ్ములు. పెద్దనాయనకు పిల్లల్లేరు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. మా పక్కింట్లో ఒక్కడే ఉండేవాడు, అన్నం మా ఇంటి నుంచే. ఆయన వాటాకు వచ్చిన మామిడి తోపు ఊళ్లోకెల్లా మంచిది. మా వాటా బోరు ఎండిపోయిన మెట్ట. తోపు ఎప్పటికైనా మాదేనని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు, అంతే. నాయన మాత్రం ఒకసారి నాతో అన్నాడు: "ఆ తోపు మనకొస్తే నిన్ను హైదరాబాదుకు పంపి ఇంకా సదివిస్తా పాపా. రాకుంటే ఈ ఎమ్మేతో సరి."

అప్పటినుంచి పెద్దనాయన దగ్గినప్పుడల్లా నా చెవి అటే పోయేది. సిగ్గు విడిచి చెబుతున్నాను. అరుగు మీద ఇసుక పోసి, నా వేలు పట్టి నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆ మనిషి దగ్గు వింటూ నేను హైదరాబాదు గురించి ఆలోచించేదాన్ని.

కబురేమిటంటే, పెద్దనాయనను వేలూరు ఆసుపత్రిలో చేర్చారు. పది రోజులు కూడా కష్టమని డాక్టర్లు చెప్పేశారు. ఇటు మా అన్న పెళ్లికి నలభై రోజులుంది. ముహూర్తాల కాలం కావడంతో, మర్నాటికల్లా మేటరు ఇవ్వకపోతే తన వల్ల కాదని చిత్తూరు ప్రెస్సువాడు అన్నాడు. మా ఇంట్లో పత్రిక మేటరు రాసేది నేను.

పీటముడి ఎక్కడంటే, ఆహ్వానించేవాళ్ల వరసలో మొదటి పేరు ఇంటి పెద్దదే ఉండాలి. పెద్దనాయన పేరు వేసి పంచాక ఆయన పోతే, చచ్చినవాడు పెళ్లికి పిలిచినట్టవుతుంది. అశుభం. వేయకుండా వదిలేస్తే, బతికుండగానే సొంత అన్నను తీసేశారని దాయాదులు ఊరంతా టముకేస్తారు. నాయన ఒక పూటంతా బుర్ర బద్దలు కొట్టుకుని ఒక దారి కనిపెట్టాడు.

"పైన ఆశీస్సులు అని ఉంటాది గదా, మీ తాత పేరూ జేజి పేరూ. ఆ వరసలో పెద్దనాయన పేరు రాయి. ముందర కీ.శే. పెట్టు."

"ఇంకా ఉండాడు గదా నాయనా!"

"పత్రికలు అచ్చయి వచ్చేలోగా సరిపోతాది."

ఆ మాట అంటూ నాయన కళ్లు తుడుచుకున్నాడు. దొంగ ఏడుపు కాదు. అన్న అంటే ఆయనకు ప్రాణం. నేను రాశాను. కీర్తిశేషులు అన్న మాటను కుదించి, రెండక్షరాలు, రెండు చుక్కలు. ఇంకొక్కసారి వద్దని ఉంటే నాయన వినేవాడేమో. నేను అనలేదు.

పత్రికలు వచ్చాయి. మూలలకు పసుపు రాసి, మా ఆనవాయితీ ప్రకారం మొదటిది కొండకు పంపాం. అంటే పెద్దనాయన పోయాడని మేము అందరికన్నా ముందు తెలియజేసింది సాక్షాత్తూ వెంకన్నకే. తర్వాత, ఆసుపత్రి నుంచి ఇంకా కబురు రాకపోయినా, ఇవి చేరేలోగా ఎలాగూ వస్తుందని దూరపు చుట్టాలకు పోస్టులో వేశాం.

ఎనిమిదో రోజు పెద్దనాయన కళ్లు తెరిచి గంజి అడిగాడు. మూడో వారానికి కారులో ఇంటికొచ్చేశాడు. నాయన పరిగెత్తుకుంటూ పోయి అన్నను రెండు చేతులా ఎత్తి దించాడు. ఆ సంతోషం కూడా నిజమే. ఆ వెంటనే లోపలికొచ్చి మిగిలిన పత్రికల కట్టలు బియ్యం మూటల వెనక దాచాడు.

"పత్రికలు యాడప్పా?" అని అడిగాడు పెద్దనాయన.

"ఇంకా రాలేదన్నా. ప్రెస్సోడు ఆలస్యం సేస్తాండాడు."

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున గుడియాత్తం నుంచి మేనత్త వరసావిడ బస్సు దిగి, వీధి మొదట్లోనే గుండెలు బాదుకుంటూ వచ్చింది. "ఒక్క మాట గూడా సెప్పకుండా మట్టి సేసేసినారే!" అని శోకాలు. పెద్దనాయన అరుగు మీద కూర్చుని రాగి అంబలి తాగుతున్నాడు.

"ఎవురు పోయినారే?" అన్నాడు.

ఆవిడ ఉన్నచోటే కూలబడిపోయింది. వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ క్లాసు గదిలో వచ్చిన నవ్వే. ఆవిడ చేతిలోంచి పత్రిక జారి అరుగు దగ్గర పడింది. పెద్దనాయన వంగి తీసుకున్నాడు.

మెల్లగా, ఒక్కో వరసా చదివాడు. నాయన మొహంలో నెత్తురు లేదు. "సచ్చినాడని పుకారు పుడితే ఆయుస్సు పెరుగుతాదంటారు గదన్నా" అన్నాడు.

"అయితే మేలే సేసినావు లేప్పా."

అని నావైపు తిరిగాడు. "మేటరు నువ్వే రాసినావు గదా పాపా?"

తల ఊపాను.

"తప్పుల్లేవు" అన్నాడు.

పెళ్లికి వచ్చాడు. వచ్చి చివరి వరసలో కుర్చీలో కూర్చున్నాడు. అన్నా వదినా వెళ్లి కాళ్లకు దండం పెడితే, "నా ఆశీస్సులు పత్రికలోనే అచ్చేసినారు గదప్పా. మళ్లా ఎందుకు?" అన్నాడు. అక్షింతలు ఆయన గుప్పిట్లోనే ఉండిపోయాయి. అన్న వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, పాపం.

ఆ నెలలోనే పెద్దనాయన చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి తోపు నాయన పేర రాసేశాడు. వద్దని నాయన కాళ్లు పట్టుకుంటే, "సచ్చినోడి ఆస్తి తమ్ముడికి రావాల్సిందే గదా" అన్నాడు. అమ్మ అన్నం పంపితే తిప్పి పంపేవాడు. "సచ్చినోడికి ఏడాదికి ఒకసారి పెడితే సాలమ్మా." కోపంగా కాదు, మామూలుగా, వానొచ్చేటట్టుంది అన్నట్టే అనేవాడు. ఆయన మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. ఆ తోపు కాయ నాయన ఒక్కటి కూడా నోట పెట్టలేదు. నేను మాత్రం ఆ తోపు ఆదాయంతోనే హైదరాబాదు వెళ్లాను, చదువుకున్నాను.

మూడేళ్ల తర్వాత, కాయలు కోతకొచ్చిన రోజుల్లో, నాయన ఆ తోపులోనే గుండె ఆగి పడిపోయాడు. నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి మా నట్టింట్లో తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని పెద్దనాయన కూర్చుని ఉన్నాడు. పెళ్లి తర్వాత ఆయన మా గడప తొక్కడం అదే మొదలు.

కర్మాంతరం పత్రికకు కాగితం ఆయనే తెచ్చి నా ముందు పెట్టాడు. నాయన పేరు ముందు నా చెయ్యి ఆగిపోయింది.

"పెట్టు పాపా" అన్నాడు. "ఈసారి నిజమే."

రాశాను. కింద, దుఃఖంతో ఆహ్వానించేవాళ్ల వరసలో మొదట ఆయన పేరే రాసి కాగితం ఇచ్చాను. కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివాడు. తప్పుల్లేవు అంటాడని ఎదురుచూశాను. ఆయన తన పేరు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈడ ఒక తప్పుండాది. నన్ను బతికినోళ్లలో రాసినావు."