అంకుల్ మెడలోని రిమోట్

మా కింది పోర్షన్ అంకుల్ పోయారని శనివారం పొద్దున్నే ఆంటీ మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. నిద్రలోనే పోయారట. నేను నమ్మలేదు. ఏదీ అంత తేలిగ్గా జరగనిచ్చే మనిషి కాదాయన. తన రిమోట్ విమానం లేచే ముందు తోక ఊపి చూసి, రెక్కలకు కట్టిన రబ్బరు బ్యాండ్లు లాగి చూసి, మళ్లీ మొదటినుంచీ చూసేవారు.

మిషన్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాక ఆ విమానాలు ఎగరేయడం మొదలుపెట్టారు. నలభై దాటాక నేనూ ఎగరేస్తానంటే నాంపల్లిలో మా వీధంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "నేను లేకుండ కొనకు బిడ్డా" అని అబిడ్స్‌లో షాపుకు వెంట వచ్చారు. షాపతను అంతా కొత్తదే అంటే, "మరి డబ్బాకు పాత టేపెందుకున్నది?" అని నిలదీశారు. తిరిగొస్తూ మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తినిపించి చెప్పారు: "గాలిని నమ్మకు. బ్యాటరీని అసలే నమ్మకు."

ఆదివారం ఆయన చర్చి నుంచి రాగానే ఊరి బయట మైదానానికి వెళ్లేవాళ్లం. నా రిమోట్‌కూ ఆయన రిమోట్‌కూ మధ్య ఒక వైరు. నేను తడబడితే ఆయన నొక్కి పట్టుకున్న మీట వదిలేవారు, విమానం ఆయన చేతిలోకి వెళ్లిపోయేది. మన వైపు వచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారు. నేను ప్రతిసారీ కంగారుపడేదాన్ని. "ఏ రెక్క వాలితే స్టిక్ ఆ దిక్కే నూకు. గంతే!" అనేవారు.

ఒక వారం వైరు తీసేశారు. "గిప్పుడు వైరు లేకుండనే కలుస్తది. ఫికర్ చేయకు, నేనున్న" అంటూ తన రిమోట్ మెడలో వేసుకుని పక్కన నిలబడ్డారు. ఆ రోజు విమానం గడ్డి మీద చక్కగా దిగింది. మైదానంలో ఎగరేసేవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. దింపింది నేనా, ఆయనా?

అప్పటినుంచీ ప్రతి ఆదివారం అదే అనుమానం. ఆయన వేళ్లనే ఓరకంట చూసేదాన్ని. ఆ రిమోట్ లైటు ఎప్పుడూ ఆయన అరచేతి కిందే ఉండేది. రబ్బరు బ్యాండ్ తెగితే అటు తిరిగి ఎక్కణ్నుంచో ఒకటి తీసిచ్చేవారు. అదేం దాపరికమో!

"నిజం చెప్పండి, దింపింది మీరే కదా?"

"నేనెందుకు దింపుత?"

"మరి ఆ బొటనవేలు కదిలిందేం?"

"దురద పెట్టింది."

ఎవరు నమ్ముతారు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా అంతట నేనే దింపానని తెలిస్తే చాలనుకునేదాన్ని. అదడగడానికి కూడా ఇక ఆయన లేరు.

సమాధి కార్యక్రమం అయిన వారానికి ఆంటీ ఆ రిమోట్ తెచ్చిచ్చింది. "నీకే ఇయ్యాలంటుండె." చార్జింగ్ పెడదామని వెనక మూత తీశాను. బ్యాటరీ లేదు. ఆ చోటంతా రబ్బరు బ్యాండ్లు కుక్కి ఉన్నాయి.

"బ్యాటరీ ఏది ఆంటీ?"

"గది ఉబ్బింది కద. మీ వైరు తీసేసిన వారమే పారేసిండు, మళ్ల ఎయ్యలే. నీకు చెప్పలేదా?"

మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. ఖాళీ డబ్బా మెడలో వేసుకుని ఇన్నాళ్లు నన్ను ఆడించారని కోపం కూడా వచ్చింది. ఆ దిగడాలన్నీ నావే. ఎవరినీ, దేన్నీ నమ్మని మనిషి నా చేతుల్ని నమ్మారు.

మొన్న ఆదివారం ఆ బ్యాండ్లతోనే రెక్కలు కట్టాను. ఆయనవే కదా అని నమ్మలేదు, లాగి చూశాకే ఎగరేశాను. నా వైపు తిరిగొస్తూ విమానం నా ఎడమ పక్క రెక్క వాల్చింది. అలవాటు కొద్దీ ఓరకంట పక్కకు చూశాను. ఎండలో గడ్డి ఊగుతోంది, అంతే. స్టిక్ ఆ దిక్కే నూకాను.