అత్తయ్య బైండు చేయించిన నవల

పళ్ల డాక్టరు దగ్గరికి నవ్వుతూ వచ్చేవాళ్లు ఉండరు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, "ఏం కాదండీ, పది నిమిషాల పని" అని ధైర్యం చెప్పడం ఆ క్లినిక్‌లో రిసెప్షనమ్మ ఉద్యోగం. ఆ పది నిమిషాలు గంటవుతాయని ఆవిడకూ తెలుసు, వచ్చినవాళ్లకూ తెలుసు. అయినా ఆ గొంతు వింటే దవడ పట్టుకున్న చెయ్యి కాస్త కిందికి దిగుతుంది.

పుస్తకాల క్లబ్బు పుట్టింది కూడా ఆ గొంతు వల్లే. కింద మందుల షాపు నడిపే ఆయన ఒకరోజు పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. వీధి వీధంతటికీ నొప్పి మాత్రలు అమ్మే మనిషి, తన వంతు దగ్గరపడేసరికి కాలుగాలిన పిల్లిలా గదంతా తిరగడం మొదలుపెట్టాడు. రెండుసార్లు మెట్లదాకా వెళ్లాడు. ఇలా లాభం లేదని రిసెప్షనమ్మ సొరుగులోంచి తాను చదువుకుంటున్న పాత నవల తీసి, "కాస్త ఇది వినండి" అని పైకి చదివింది. మనిషి కుదురుగా కూర్చున్నాడు. కథ మంచి పట్టులో ఉండగా లోపలినుంచి పిలుపు వచ్చింది. రెండ్రోజులకు ఫోన్ చేశాడు. పన్ను సంగతేమో అనుకుంది.

"పన్ను పోతే పోయింది లేండి. ఆ పిల్ల బావిలో పడిందా, లేదా?" అన్నాడాయన, వాపు తగ్గని బుగ్గతోనే.

మిగతా కథ ఆదివారం సాయంత్రం ఫోన్లో చదివి వినిపించింది. ఆ సంగతి తెలిసి, రూట్ కెనాల్ చేయించుకున్న లెక్కల టీచరమ్మ నేనూ వింటానంది. జ్ఞానదంతంతో సతమతమైన బస్సు డ్రైవరు చేరాడు. చూస్తుండగానే ఫోన్ కాస్తా వీడియో కాల్ అయింది, గళ్లు గళ్లుగా పన్నెండు మొహాలు కనిపించడం మొదలైంది. దాదాపు అందరివీ రిసెప్షనమ్మకు ముందు ఎక్స్‌రేలో పరిచయమైన మొహాలే. క్లబ్బుకు 'నోరు తెరవండి' అని డ్రైవరు పేరు పెట్టాడు.

ఈ క్లబ్బులో పాత పుస్తకాలే చదువుతారు. అందరూ వంతులవారీగా పైకి చదవాలి. ఎవరూ ఇంట్లో ముందుకు చదివేయకూడదు. చదివినట్టు తేలితే శిక్ష ఉంది: ఆ తర్వాత వచ్చే ప్రకృతి వర్ణనలన్నీ వాళ్లే చదవాలి. పాత నవలల్లో వెన్నెల మొదలైతే ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి శిక్ష చిన్నదేమీ కాదు. కథలో కుర్రాడు ఇంకా గుర్రం ఎక్కకముందే "అయ్యో పాపం" అని నోరుజారి దొరికిపోయిన మందుల షాపాయన, ఆ నవలలోని కొండలూ కోనలూ ఒంటిచేత్తో దాటాడు.

రిసెప్షనమ్మ అత్తయ్య మాత్రం ఎప్పుడూ తెరమీద కనిపించేది కాదు. పక్క సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ వినేది. కథ నచ్చకపోతే దుప్పటిని గట్టిగా దులిపేది. ఆ చప్పుడు అవతలివాళ్లకు వినిపించి, "అత్తయ్యగారికి హీరో నచ్చలేదల్లే ఉంది" అని నవ్వుకునేవాళ్లు.

అటువంటిది, ఈసారి మీరు నాకిచ్చిన నవలే చదువుదామని కోడలు సంబరంగా చెప్తే, "వేరే పుస్తకమేదీ దొరకలేదా?" అంది అత్తయ్య. మొహమాటపడుతోందనుకుంది రిసెప్షనమ్మ. ఎందుకంటే ఆ నవల అంటే ఆ ఇంట్లో మాటలు కాదు.

కూతురు పుట్టిన కొత్తలో రిసెప్షనమ్మ ఉద్యోగం మానేద్దామనుకుంది. పసిపిల్లను వదిలి ఏమిటా పరుగులని చుట్టాలు చెవిలో జోరీగల్లా పోరుతున్న రోజులవి. అత్తయ్య ఎవరినీ ఏమీ అనలేదు. ఒక వారం పోయాక, నీలం అట్టతో కొత్తగా బైండు చేయించిన పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. "రాజీనామా రాసే ముందు ఇది చదువు" అంది.

మేనమామ పంచన పెరిగిన ఒక అనాథపిల్ల కథ అది. చదువుకుంటుంది, ఏటికి అవతలి ఊళ్లో టీచరుద్యోగం తెచ్చుకుంటుంది. ఇల్లంతా వద్దంటుంది. చివరికి ఒక తెల్లవారుజామున ఆ పిల్ల పడవ ఎక్కుతుంది. రేవు చిన్నదైపోతుంది, ఆమె వెనక్కి చూడదు. అంతే, నవల అయిపోతుంది. రిసెప్షనమ్మ ఏడ్చింది, మొహం కడుక్కుంది, రాజీనామా రాయలేదు. పసిపిల్లను అత్తయ్య ఒళ్లోకి తీసుకుంది.

ఆ ముగింపు ఎంత బాగుంటుందో చూడండంటూ క్లబ్బు చేత వారం వారం ఆ నవల చదివించింది. పడవ కదిలే ఘట్టం చదివే వంతు డ్రైవరుది. డిపోలో బస్సు ఆపుకుని, ఖాళీ సీట్ల మధ్య కూర్చుని చదివాడు. రిసెప్షనమ్మ పుస్తకం మూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య అప్పుడే డాబామీది బట్టలు తేవడానికి లేచి వెళ్లింది.

"అదేంటి, ఇంకో అధ్యాయం ఉందిగా?" అన్నాడు మందుల షాపాయన.

"అవునండీ, విషయసూచికలోనే ఉంది. నాది లైబ్రరీ కాపీ" అంది లెక్కల టీచరమ్మ. డ్రైవరూ తన పుస్తకం తిరగేసి తలూపాడు. లేనిది ఒక్క నీలం అట్ట పుస్తకంలోనే. దాన్ని వచ్చే ఆదివారం చదువుదామన్నారు.

రిసెప్షనమ్మ తన పుస్తకం తిరగేసింది, అందులో విషయసూచికే లేదు. ఆ అధ్యాయం ఫొటోలు తీసి పంపమని మందుల షాపాయనను అడిగి తెప్పించుకుంది. క్లబ్బు పెట్టినావిడే నిబంధన గాలికి వదిలేసి, మర్నాడు క్లినిక్‌లో రోగులు లేని సమయం చూసి చదివింది. మొహం మాడిపోయింది. నెల తిరక్కుండానే ఆ పిల్ల వెనక్కి వస్తుంది. తప్పయిపోయిందని అందరి కాళ్లూ పట్టుకుంటుంది. ఇక వంటింట్లోనే జీవితమంతా.

తన సంగతి సరే, అత్తయ్య మాటేమిటి? పాతపుస్తకం కాబట్టి ఎప్పుడో చివరి పేజీలు ఊడిపోయి ఉంటాయి, పాపం ఆవిడ అదే ముగింపు అనుకుని ఇన్నేళ్లూ గుండెల్లో దాచుకుంది. ఈ వయసులో ఆ పడవను వెనక్కి తిప్పి చూపించాలా?

"ఆ అధ్యాయం వదిలేద్దామా?" అని టీచరమ్మను అడిగింది.

"ఉన్నదాన్ని లేదని ఎలా అంటామండీ?" అంది టీచరమ్మ.

భర్తను సలహా అడిగితే, "సరిగ్గా ఆ టైముకి నెట్ ఆపేస్తాలే" అన్నాడు. ఇలాంటి సలహాలకు ఆయన పెట్టింది పేరు.

శనివారం అత్తయ్య దగ్గర కూర్చుని చెప్పబోయి, నీళ్లు నమిలి, "రేపు వదినగారింటికి వెళ్లిరాకూడదూ, మిమ్మల్ని చూడాలంటోంది" అంది.

"రేపా? రేపు మీ క్లబ్బులో పనుంది" అంది అత్తయ్య.

ఆదివారం అత్తయ్య బట్టలు తెచ్చుకోలేదు. మంచి చీర కట్టుకుని నేరుగా కోడలి పక్కన, కెమెరా ముందు కూర్చుంది. తెరమీది మొహాలన్నీ వెలిగిపోయాయి. రిసెప్షనమ్మకు మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. చదివే వంతు మందుల షాపాయనది. పాపం ఆయన కూడా ప్రతి వాక్యానికీ ఆగి అత్తయ్య వైపు భయంభయంగా చూస్తూ, ఆ పిల్లను రేవులో దింపాడు, గుమ్మంలో నిలబెట్టాడు, ఏడిపించాడు. చివరి పేజీకి వచ్చాడు.

"మేనమామ పాదముల చెంత కూర్చుండి ఆమె..." అని, నోరు తెరిచిన వాడు తెరిచినట్టే బొమ్మలా ఆగిపోయాడు. రిసెప్షనమ్మ చురుగ్గా భర్త వైపు చూసింది. నేను కాదన్నట్టు ఆయన రెండు చేతులూ ఎత్తాడు. నెట్ పోయింది అవతలివైపే.

"తన ఉద్యోగపు ఉత్తరమును దీపమునకు అందించెను" అంది అత్తయ్య, శూన్యంలోకి చూస్తూ. "ఆ వెలుగున ఆమె మోము ఎంతో ప్రశాంతముగా నుండెను. సమాప్తం."

టీచరమ్మ గబగబా తన పుస్తకంలో చూసుకుంది. "అక్షరం పొల్లుపోలేదు" అంది.

"అత్తయ్యా, ఈ అధ్యాయం మీకు తెలుసా?" అంది రిసెప్షనమ్మ.

"తెలియకేం? నీలాగే నాకూ ఒక ఉద్యోగం ఉండేది, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో. మానెయ్యమన్నారు. మా పెద్దమ్మ ఈ పుస్తకం ఇచ్చి చదవమంది. చదివాను. ఆ పిల్లంతటి పిల్లే తిరిగొచ్చేసింది, మనమెంత అనుకున్నాను. మానేశాను. మోము మాత్రం ప్రశాంతంగా ఏమీ లేదు."

టీచరమ్మ తన పుస్తకం మూసేసింది.

"నువ్వు మానేస్తానన్నప్పుడు ఈ పుస్తకమే గుర్తొచ్చింది" అంది అత్తయ్య. "ఇద్దామని తీశాను. పడవదాకా బాగుంది. ఆ తర్వాతది నీకెందుకు? విషయసూచికతో సహా కత్తెరతో తీసేశాను. కోసినట్టు తెలియకూడదని బైండు చేయించాను. అందుకే కదా, వేరే పుస్తకం చూసుకోమంది."

"మరి ఆ పేజీలు ఏం చేశారు?" అన్నాడు డ్రైవరు.

"పొయ్యి అంటించాను. అప్పుడు మాత్రం నా మోము ఎంతో ప్రశాంతముగా నుండెను."

పదకొండు గళ్లూ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. రిసెప్షనమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. వారమంతా ఏ ముగింపు నుంచి అత్తయ్యను కాపాడాలని కిందామీదా పడిందో, ఆ ముగింపు నుంచి అత్తయ్య తనను ఏనాడో కాపాడేసింది. అందరూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా అత్తయ్య భుజం మీద తల పెట్టేసింది.

"లే, లే. చీర నలుగుతుంది" అంది అత్తయ్య. కానీ భుజం కదల్చలేదు.

"ఆగండాగండి" అంది టీచరమ్మ. "రిసెప్షనమ్మగారూ, ఈ అధ్యాయంలో ఏముందో మీకు ముందే తెలుసన్నమాట. వదిలేద్దామని నన్ను అడిగారు కూడా."

రిసెప్షనమ్మ తల ఎత్తకుండానే ఒప్పుకుంది. రాబోయే నవల అడవి మీద. వర్ణనలన్నీ ఆవిడవేనని ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది.

అప్పుడు మందుల షాపాయన మొహం మళ్లీ కదిలింది. "హలో, వినపడుతోందా? నెట్ పోయింది. ఎక్కడిదాకా వచ్చాం?"

"అయిపోయింది సార్" అన్నాడు డ్రైవరు. "పడవ ఎక్కింది, వెళ్లిపోయింది."

"అదెలా? నా పుస్తకంలో ఇంకా ఉందే" అన్నాడాయన, చివరి పేజీని తెరకు ఆనించి చూపిస్తూ.

"ఉంటే ఉండనీ బాబూ" అంది అత్తయ్య. "బైండింగు చేసే ఆయన నంబరు ఇస్తాను, రాసుకో."