బయట నిలబడ్డ మెసేజ్

మియాపూర్ ఫ్లాట్ ఖాళీ చేసి నార్సింగికి మారుతున్నప్పుడు, అల్మారా అడుగున నా పాత బటన్ల ఫోను దొరికింది. సన్నపిన్ను చార్జర్ కూడా దానికే చుట్టి ఉంది. చార్జింగ్ పెడితే వెలిగింది. సామాన్ల సంగతి పక్కనపెట్టి నేలమీదే కూర్చుండిపోయాను.

ఇన్‌బాక్స్ నిండా మావారి మెసేజులే. "పాలు కాగబెట్టిన." "తాళంచెవి పక్కింట్ల ఇచ్చిన." "గొడుగు మరిచినవ్, వాన పడేటట్టున్నది." పెళ్లైన కొత్తలో మా కాపురమంతా ఇందులోనే సాగింది. ఆయన పొద్దున్నే బాలానగర్‌లో ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవారు. నాది హైటెక్ సిటీలో మధ్యాహ్నం షిఫ్టు. మా ఫ్లోర్‌లోకి కెమెరా ఉన్న ఫోను రానిచ్చేవారు కాదు. అందుకే అందరూ టచ్ ఫోన్లు కొంటున్న రోజుల్లో కూడా నేను దీంతోనే ఉండిపోయాను. డ్యూటీలో మాట్లాడకూడదు కాబట్టి మెసేజే దిక్కు.

కానీ ఆ ఫోన్లో చోటు తక్కువ. నిండగానే తెరమీద చిన్న కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉండేది. కొత్త మెసేజ్ వచ్చింది, లోపల చోటు లేక బయట నిలబడింది అని దానర్థం. చోటు కోసం రీచార్జి ఆఫర్లు ముందు తీసేసేదాన్ని, తర్వాత స్నేహితుల జోకులు. చివరికి ఆయనవే మిగిలాయి. పాలు తీసేయనా, గొడుగు తీసేయనా? నాకు ప్రాణం ఒప్పేది కాదు.

అలాగే తాత్సారం చేస్తూ ఒకరోజు కవరు మెరుస్తున్నా పట్టించుకోకుండా ఆఫీసు క్యాబ్ ఎక్కి ఇంటికొచ్చేశాను. ఇంట్లో ఆయన లేరు. చాలాసేపటికి తడిసి ముద్దయి వచ్చారు.

"మెసేజ్ చూడలేదా? మీ ఆఫీసు గేటు కాడ నిలబడ్డ."

నేను ఫోను చూపించి, మనసు రాయి చేసుకుని ఒక మెసేజ్ తీసేశాను. వెంటనే ఆయనది లోపలికొచ్చింది. "గేటు కాడ ఉన్న. బండి మీద పోదాం." ఆయన తల తుడుచుకుంటూ ఆ తెరవంక చూశారు. "గిదా సంగతి" అన్నారు, అంతే.

ఇదంతా గుర్తొచ్చేసరికి ఇంకో ఆశ పుట్టింది. ఆ ఫోన్లు వచ్చిన మెసేజులే దాచేవి, పంపినవి దాచేవి కావు. నా దగ్గర ఆయన మాటలే ఉన్నాయి. నా మాటలు ఎక్కడైనా ఉంటే ఆయన ఫోన్లోనే ఉండాలి. ఆ రోజుల్లో నేనేం రాసేదాన్నో ఒక్క ముక్క కూడా నాకు గుర్తులేదు.

"మీ పాత ఫోను ఏదండీ?"

పక్కగదిలో సామాన్లు కడుతున్న ఆయన, పానాలు, స్క్రూడ్రైవర్ల డబ్బాలోంచి తీసిచ్చారు. ఇద్దరివీ ఒకే రకం ఫోన్లు కావడంతో నా బ్యాటరీయే అందులో వేశాను. ఇన్‌బాక్స్ తెరిచాను. ఖాళీ. ఆఫర్ మెసేజ్ కూడా లేదు.

"నావి ఏం చేశారు?"

"తీసేసేటోణ్ణి. చదువుడు, తీసేసుడు."

నాకు ఒళ్లు మండింది. నేను పాల మెసేజ్ కూడా దాచుకుంటే ఈయన నా మాటలన్నీ ఊడ్చిపారేశారు. అట్టపెట్టెలో గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. చప్పుడు కాస్త ఎక్కువే చేశాను.

ఆయన వచ్చి పక్కన కూర్చుని, నా చేతిలోంచి గిన్నె తీసుకుని పేపరు చుట్టారు.

"ఆ గేటు కాడ నిలబడ్డ నాటి సంది జర భయమైతుండె. నువ్వు ఎప్పుడు ఏం పంపుతవో తెల్వదు. క్యాబ్ రాలేదనొచ్చు, పానం బాగలేదనొచ్చు. నిండితే నీది రాదు గద. గందుకే ఎప్పుడూ ఖాళీ పెట్టుకుంటుంటి."

కళ్లు తడిశాయి, దాచుకోలేదు. ఆ రోజుల్లో నేను పంపిన మెసేజ్ ఒక్కటీ మిగల్లేదు. ఒక్కటీ బయట నిలబడనూ లేదు.