సంబంధం మాటల పాఠం

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. అలాంటిదాన్ని తీసుకెళ్లి, నాకంటే ఎంతో పెద్దవాళ్లకు పాఠం చెప్పమన్నారు. కోయంబత్తూరు మిల్లు సైరనుతో లేచి మిల్లు సైరనుతో పడుకునే రోజులవి. మాది పోదనూరు రైల్వే కాలనీ. టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం రాక, ఇంట్లో అమ్మతో పోట్లాడుతూ కాలం గడుపుతున్నాను. ఒక మిల్లువాళ్లు మొదటి షిఫ్టు దిగిన పనివాళ్లకు సాయంత్రం తరగతి పెట్టాలనుకున్నారు. అక్కడ మా తెలుగు ఇళ్లవాళ్లు ఎక్కువ కాబట్టి తమిళం, తెలుగు రెండూ వచ్చిన టీచరు కావాలన్నారు. అమ్మ నాకంటే ముందే సరేనంది.

తరగతి అంటే సైకిల్ షెడ్డు పక్కన రేకుల గది. చదువు మీద ప్రేమతో అక్కడికి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకాయనకు మేస్త్రీ కావాలని, ఇంకొకాయనకు ఫిట్టరు కావాలని, మరొకామెకు క్యాంటీనులో చేరాలని ఆశ. మిల్లులో ఏ మెట్టు ఎక్కాలన్నా ఆఫీసర్ల ముందు నిలబడి ఇంటర్వ్యూలో నోరు తెరవాలి. ఆ నోరు తెరిపించడమే నా పని.

దానికోసం నాకొక ప్రశ్నోత్తరాల పుస్తకం ఇచ్చారు. ఎవరు రాశారో గానీ మిల్లు గేటు ఎప్పుడూ చూసినట్టు లేదు. "తీరిక వేళల్లో ఏమి చేస్తారు?" అని ప్రశ్న. "తపాలా బిళ్లలు సేకరిస్తాను, పూలతోట పెంచుతాను" అని జవాబు. తలనిండా దూది నూగుతో కూర్చున్న మనుషుల చేత నేను దాన్నే వల్లె వేయించాను. మేస్త్రీ కావాలనుకున్న ఆయన ఒకరోజు చెయ్యెత్తి, "టీచరమ్మా, ఆ బిళ్లలు సేర్చి ఏం చేసేది?" అని అడిగాడు. నాకు జవాబు తెలియదు. తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. "పుస్తకంలో ఉంది, చెప్పండి!" అని అరిచాను. పాపం, చెప్పారు.

అందరిలోకీ నన్ను ఏడిపించింది రీలింగులో నూలు చుట్టే అక్క. భర్త పోయిన మనిషి, ఇల్లంతా ఆమె సంపాదన మీదే. ఆ పని పొద్దుటి నుంచీ నిలబడే చేయాలి. కాళ్ల నరాలు ముళ్లు కట్టి ఉబ్బిపోయాయి, ఇలాగే నిలబడితే ఇక నడవలేవని డాక్టరు చెప్పేశాడు. పనికి వచ్చే తల్లులు పసిబిడ్డలను వదిలివెళ్లే పిల్లల గది ఒకటి మిల్లులో ఉండేది. అందులో ఆయా ఉద్యోగం ఖాళీ అయింది. ఆడమనిషి కాసేపైనా కూర్చుని చేయగల పని ఆ మిల్లులో అదొక్కటే. అది వస్తే అక్క గట్టెక్కుతుంది, రాకపోతే పని మానుకోవాల్సిందే. ఇంత అవసరం ఉండి కూడా తరగతిలో ఆమె మూగనోము పట్టేది. ఏ ఊరమ్మా అంటే నేల చూపులు, ఎందుకీ ఉద్యోగం అంటే గోడ చూపులు. "నోట్లో బెల్లం పెట్టుకుని వచ్చావా అక్కా?" అని కసిరితే నవ్వేది, అంతే.

ఒక ఆదివారం ఏదో పని మీద మిల్లు పనివాళ్ల లైన్ ఇళ్ల వైపు వెళ్లాను. ఒక ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల సంబంధం మాటలు జరుగుతున్నాయి. పెళ్లికొడుకువాళ్లు తిరుమంగళం దగ్గర నుంచి వచ్చిన సేద్యగాళ్లు, నల్లరేగడి భూములవాళ్లు. వాళ్లకు ఎదురుగా, చాప మధ్యలో, అమ్మాయి తరపున మాట్లాడుతున్నది ఎవరు? మా మూగనోము అక్క!

"మాపిళ్ల ఏం పని చేస్తాడు? సేద్యమా, సరి. వాన లేని కాలంలో ఏం చేస్తాడు? మీ ఇంట్లో నీళ్లు మోసేది ఎవురు? బావి యాడ వుండాది?" అని పెళ్లికొడుకు సంగతులు అడుగుతోంది. మీ పిల్లకు ఏం వచ్చు అని వాళ్లడిగితే, "మా పిల్ల రానిది నేర్చుకుంటాది, వొచ్చింది మరిచిపోదు. ఇంగేమి కావాల?" అంది. తిరుమంగళం పెద్దాయన మీసం కింద నవ్వుకున్నాడు. తర్వాత తెలిసింది, ఆ లైన్లలో ఎవరింట సంబంధం కుదరాలన్నా ఈమెనే పిలుచుకుపోతారట. నాకు ఒళ్లు మండింది, ముద్దూ వచ్చింది.

మర్నాడు ఆ పుస్తకాన్ని బీరువా మీదికి విసిరేశాను. "ఇవాళ్టి నుంచి ఇంటర్వ్యూ అంటే సంబంధం మాటలే" అన్నాను. ఆఫీసర్లు పెళ్లికొడుకు తరపువాళ్లు, ఉద్యోగమే పెళ్లికొడుకు, మనది పిల్ల తరపు. గది గొల్లుమంది. మేస్త్రీ ఆశ ఉన్నాయన తుండు తలపాగా చుట్టి వియ్యంకుడైపోయాడు. అక్క మాత్రం లేవలేదు.

"నా గురించి నేనే ఎట్లా చెప్పుకొనేది? సిగ్గుగా వుండాది టీచరమ్మా."

"నీ గురించి ఎవరు చెప్పమన్నారు? మీ పిల్ల గురించి చెప్పు. ఆ పిల్లకు ఈ ఉద్యోగంతో పెళ్లి చేయాలి. నువ్వు మాట్లాడటానికి వచ్చావు."

అంతే, ఆనకట్ట తెగింది. "మా పిల్ల ముగ్గురు తమ్ముళ్లను ఎత్తుకొని సాకింది. ఏ బిడ్డ ఆకలికి ఏడుస్తాడో, ఏ బిడ్డ నిద్దరకు ఏడుస్తాడో దానికి తెలుసు. గేటు మూసినాక ఒకనాడూ రాలేదు." వియ్యంకుడు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ నెలంతా మా రేకుల గది కల్యాణ మండపంలా ఉండేది. షెడ్డులో సైకిళ్లకు వచ్చినవాళ్లు కూడా కిటికీ దగ్గర నిలబడి సలహాలిచ్చేవాళ్లు. నా జీవితంలో అంత సంతోషంగా నేను ఎప్పుడూ పాఠం చెప్పలేదు.

ఇంటర్వ్యూ రోజు ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. అక్క బయటికి వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"బాగా మాట్లాడితిని టీచరమ్మా. మా పిల్ల అనేదాన్ని 'ఎంగ పొణ్ణు' అని తమిళంలోనే చెప్పితిని. ఏ పొణ్ణు, ఎక్కడుంది అని వాళ్లు తలుపు దిక్కు చూసిరి."

"తర్వాత?"

"తరువాత నేను అడిగితిని. గదిలో ఎంతమంది బిడ్డలు, పాలు కాచేది ఎవురు, వాన వస్తే కారుతాదా అని. పెద్దసారు నవ్వినాడు. కాపి తెప్పించి తాగమ్మా అన్నాడు. నేను వొద్దంటిని."

"వద్దన్నావా? పెద్ద ఆఫీసరు ఇచ్చిన కాఫీ వద్దన్నావా!"

"మాట కుదరక ముందు ఆ ఇంట్లో చెయ్యి తడపొచ్చునా?" అంది అక్క, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు. "తింటే, తాగితే, సంబంధం ఒప్పుకున్నట్టు గదా. మాట ముగియనీ సారూ, అప్పుడు తాగుతానని చెప్పితిని."

"దానికి ఆయనేమన్నాడు?"

"చెప్పి పంపుతాము అనె."

ఆ మాట అంటూనే అక్క మొహమూ వాడింది. సంబంధాలు చూసి చూసి పండిన మనిషి, ఊరికి పోయి కబురు చేస్తామంటే ఏమిటో ఆమెకు నేను చెప్పాలా? పాఠం నాది, చెడిందీ నా వల్లే. తపాలా బిళ్లలు చెప్పి ఉన్నా ఇంతకంటే నయమే కదా అని ఇంటికి వచ్చి ఏడ్చాను. కోపిష్టివాళ్లకు ఏడుపు కూడా కోపంగానే వస్తుంది, అమ్మ జోలికి రాలేదు.

కబురు రాకుండానే రోజులు గడిచాయి. అక్క తరగతికి వస్తూనే ఉంది, రీలింగులో నిలబడి, కుంటుకుంటూ నడిచి. ఒక సాయంత్రం ఫిట్టరు ఇంటర్వ్యూ సాధన చేస్తుంటే తలుపు దగ్గర క్యాంటీను మనిషి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మూతపెట్టిన లోటా.

"పెద్దసారు కాపి పంపినాడు. ఎంగ పొణ్ణు అని చెప్పినామెకు ఇయ్యమన్నాడు. సారువాళ్లది మేలూరు పక్కన, వాళ్ల ఇండ్లలో కూడా మాట కుదిరినాకే చెయ్యి తడిపే వళమై అంట. తాగితే సోమవారం నుంచి పిల్లల గదికి రమ్మన్నాడు."

ఆ రేకుల కప్పు ఎగిరిపోలేదంటే దేవుడి దయ. మా వియ్యంకుడు బెంచీ ఎక్కి ఈల వేశాడు.

అక్క లోటా అందుకుని మూత తీసింది. తాగలేదు. కుంటుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి నా ముందు పెట్టింది.

"పిల్ల తరపు పెద్దవాళ్లు ముందు చెయ్యి తడపాల. తాగు పాపా."

టీచరమ్మ అనడం మానేసి నన్ను పాపా అంది, ఆ నోటితోనే పెద్దదాన్నీ చేసింది. నాకు కళ్లు నిండి లోటా కనపడలేదు. రెండు గుక్కలు తాగి ఇచ్చాను. మిగిలింది ఆమె బెంచీ మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, తీరిగ్గా తాగింది.