ఊరికే ఉండడానికి అనుమతి

కండక్టరమ్మతో పెట్టుకోవడమంటే మాటలు కాదు. ఉద్యోగకాలమంతా కిక్కిరిసిన బస్సులో నిలబడి, చిల్లర లేదన్న ప్రతివాడితోనూ వాదించి గెలిచిన మనిషి. రిటైరయ్యాక, పరాయి దేశంలో మోటారు షెడ్డులో పనిచేసే తమ్ముణ్ణి చూసి వద్దామని బయలుదేరింది. చూసింది గానీ, తిరిగి వెళ్ళనంది! అక్కడ రోడ్లు వెడల్పు, గాలి చల్లన, పొద్దున్నే డ్యూటీకి రమ్మని తలుపు బాదేవాడు లేడు. తమ్ముడింట్లోంచి బయటపడి, ఇస్త్రీ కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకుంది. కిటికీ తీస్తే వేడి బట్టల వాసన, కింద బస్టాపు. ఏ బస్సు ఆలస్యంగా వచ్చినా పైనుంచి డ్రైవర్‌ని తిట్టేది. వాడికి భాష రాదు కాబట్టి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు.

పెన్షన్ వచ్చే పెద్దవాళ్ళు ఎక్కువకాలం ఉండడానికి ఆ దేశంలో వేరే అనుమతి ఇస్తారు. దానికి దరఖాస్తు పెట్టించింది సలహాల బాబాయి. వయసులో ఆవిడకంటే చిన్నవాడే, కానీ వీసా తిప్పలున్న తెలుగువాళ్ళందరికీ బాబాయి కాబట్టి ఆవిడకీ బాబాయే. కాగితాలన్నీ సరిగ్గా పెట్టాడు పాపం. ఇంటర్వ్యూకి పిలిస్తే లోపల ఏం మాట్లాడాలో మాత్రం చెప్పలేదు. ఈవిడకి మాటలు నేర్పాలా అనుకున్నాడు.

"ఇక్కడ ఎందుకు ఉండాలనుకుంటున్నారు?" అని అధికారిణి తన భాషలో అడిగింది. పక్కనున్న దుబాసీ పిల్ల దాన్ని తెలుగులో చెప్పింది. ఆ పిల్ల అక్కడే పుట్టింది. వాళ్ళమ్మ కొట్లలో బేరాలాడుతుంటే విని నేర్చుకున్న తెలుగు ఆ పిల్లది.

"ఎందుకేంటమ్మా? ఊరికే ఉంటాను," అంది కండక్టరమ్మ.

ఆ పిల్లకు తెలిసిన 'ఊరికే' ఒక్కటే, డబ్బులివ్వకుండా పుచ్చుకునేది. "ఈవిడ ఏమీ చెల్లించకుండా ఉంటారట," అని చెప్పేసింది. అధికారిణి కళ్ళు పెద్దవయ్యాయి. మరి తిండి ఎవరు పెడతారని అడిగింది.

"నాకొకరు పెట్టేదేంటి?" కండక్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ చేత్తో ఎంతమందికి పెట్టానో అడగమను! నన్నెవరూ పోషించక్కర్లేదు!"

ఇంకేముంది! ఉన్నదంతా వాళ్ళకీ వీళ్ళకీ పెట్టేసిందట, ఇప్పుడు పోషించే దిక్కు లేదట అని ఆ పిల్ల కంగారుకంగారుగా తర్జుమా చేసింది. పోషణకు ఆధారం లేదంటూ దరఖాస్తు తిరస్కరించారు.

"లోపల ఏమన్నావక్కా?" అని బాబాయి గుచ్చిగుచ్చి అడిగి, సంగతి తెలిశాక పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక అసలు మాట చెప్పాడు. పైఅధికారి దగ్గర ఒక్కసారి మొర పెట్టుకోవచ్చు. అక్కడా కాదంటే పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ తంటా వద్దనుకుంటే తమ్ముడి మీద ఆధారపడిన మనిషిగా రాయించుకోవచ్చు, అది ఢోకా లేని దారి. "మెలికల్లా ఒక్కటే. అతని ఉద్యోగం పోతే నీ అనుమతీ పోతుంది," అన్నాడు.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. ఆవిడ ససేమిరా అంది.

"నా కింద ఉంటే నామోషీయా అక్కా?"

"నీ కిందనే కాదురా, ఎవరి కిందా ఉండను. చిన్నప్పుడు నాన్న కింద, పెళ్ళయ్యాక మీ బావ కింద, బస్సెక్కాక డిపో మేనేజరు కింద. ఇక చాలు, నా వల్ల కాదు!"

తమ్ముడు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

విచారణ రోజున వరండా నిండా జనం. తలుపు దగ్గరే గుమిగూడి నిలబడ్డవాళ్ళని, "ముందుకి జరగండి, వెనక ఖాళీ ఉంది," అంటూ సర్దేసింది. ఒక్కరికీ మాట అర్థం కాలేదు, అందరూ జరిగారు. మొహం మాడ్చుకున్న తమ్ముడు కూడా వచ్చాడు. 'విశ్రాంత జీవితం గడపడానికి' అని వల్లె వేయించి, తమ్ముడితోపాటు తనూ ఆవిడ వెంట లోపలికి వెళ్ళాడు బాబాయి. అదే దుబాసీ పిల్ల తలొంచుకుని కూర్చుంది. పైఅధికారి, ఒక పెద్దాయన, మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు.

"విశ్రాంత..." అని ఆగిపోయింది. "ఈ మాట నాకు నోరు తిరగదండీ. ఊరికే ఉంటాను. ఒసే అమ్మాయ్, ఊరికే అంటే అప్పనంగా అని కాదు, సరిగ్గా చెప్పు! నా తిండి నేను తింటాను, నా అద్దె నేను కడతాను. పొద్దున లేచి, ఇవాళ నాకేం పని లేదు అనుకోవాలి. ఎందుకు లేదని అడిగేవాడు ఉండకూడదు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఒక్క పూట ఊరికే ఉండనివ్వలేదు."

ఆ పిల్ల ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క మాటే ఆలోచించి చెప్పింది. పెద్దాయన చాలాసేపు పెన్షన్ కాగితాలు తిరగేశాడు.

"పెన్షన్ సరిపోతుంది. కానీ ఒంటరి మనిషి, ఈ వయసు. బాధ్యుడిగా ఎవరైనా సంతకం పెడితే ఐదేళ్ళకి ఇస్తాను. లేదంటే ఏడాదికే. ఏటా వచ్చి మళ్ళీ అడగాలి. ఇస్తారన్న హామీ లేదు."

తమ్ముడు అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు.

"కూర్చోరా," అందావిడ. "ఏడాదికే ఇవ్వండి."

బాబాయి నెత్తి పట్టుకున్నాడు. "వచ్చే ఏడాది ఇవ్వకపోతేనో అక్కా?"

"ఇచ్చేదాకా అడుగుతాను. నోరు పడిపోలేదుగా!"

బయటికొచ్చాక తమ్ముడు పక్కనే నడిచాడు. ఆవిడ ఆ గది తీసుకున్న నాటి నుంచీ, పంతం కొద్దీ, అతను ఒక్కసారైనా అటువైపు తొంగిచూడలేదు. ఏరా కోపమా అని ఆవిడా అడగలేదు. అడిగితే మెత్తబడిపోతానేమోనని భయం. తల ఎత్తుకునే నడిచింది. నాలుగురోడ్ల కూడలి దగ్గర తమ్ముడు ఆగాడు. ఎడమవైపు వెళ్తే అతని ఇల్లు. అటు తిరగలేదు. పెన్ను జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మీ ఇల్లు ఎటు?"