పిట్టకిచ్చిన మాట

కిందటేడు అక్టోబరు నెల రెండో ఆదివారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. అన్నం వండుకుందామని బియ్యం డబ్బా మూత తీస్తే లోపలి నుంచి సీతాఫలాల వాసన వచ్చింది. మా చెల్లెలు ఎల్లమ్మ బుధవారం నాడు తన కొడుకు సామేలుతో పంపిన ఆరు కాయలవి. కళ్ళు విచ్చుకున్నా ఇంకా గట్టిగానే ఉన్నాయని బియ్యంలో మాగేసి మరిచిపోయాను. శుక్రవారం తెల్లవారుజామున ఎల్లమ్మ నిద్రలోనే పోయింది. సాయంత్రం బొంద పెట్టారు. శనివారం నా మందుబిళ్ళల కోసం ఊరి నుంచి పాలమూరుకు తిరిగి వచ్చాను. కాయలకు ఈ సంగతులేవీ తెలియవు, వాటి గడువు ప్రకారం అవి ఆదివారానికి పండాయి.

నాకు ఏడుపు రాలేదు. శుక్రవారం నుంచీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినప్పుడు గిల్లుతున్నారని తెలుస్తుంది గాని నొప్పి తెలియదు, నా స్థితి అదే. నేను పురపాలక కార్యాలయంలో పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ వివరాలు రాసే పని చేసి రిటైరైన మనిషిని. పెళ్ళి చేసుకోలేదు. పోయినవాళ్ళ తారీఖు, వేళ, కారణం రాయడం తెలుసు. ఆ తర్వాత ఏం చేయాలో ఆ పనిలో ఎవరూ నేర్పలేదు. ఆ పొద్దున డబ్బా ముందు నిలబడి, అది ఎక్కడ, ఎప్పుడు నేర్చుకున్నానో వెనక్కి వెతుక్కున్నాను.

మా ఊరు కొత్తకోట నుంచి నడిచి పోయేంత దూరంలో ఉండేది. ఊరి వెనక గుట్ట, గుట్ట నిండా సీతాఫలం చెట్లు. వాటిని ఎవరూ నాటలేదు, అవి ఎవరివీ కావు, భూమి లేని మాలాంటి వాళ్ళకు అదొక్కటే సొంతమన్నట్టు ఉండేది. వానలు వెనకబట్టి, మబ్బు పలచబడి, పొద్దున్నే బోదగడ్డి మంచుకు తడిసి పిక్కలకు చల్లగా తగిలే రోజుల్లో నాయినను కన్న అవ్వ, అమ్మ, నేను, ఎల్లి గంపలతో గుట్ట ఎక్కేవాళ్ళం. కాయ కళ్ళ మధ్య గీతలు తెల్లబడ్డాయా లేదా అని అవ్వ చేత్తో తడిమి చూసి, తెల్లబడనిదాన్ని మేము తెంపితే మొట్టికాయ వేసేది. తెచ్చిన కాయలను జొన్న చొప్పలో మాగేస్తే మూడో రోజుకు గుడిసె అంతా, కప్పుకునే గొంగడితో సహా, తియ్యగా వాసన కొట్టేది. తిన్న గింజలను ఎల్లి కొంగులో దాచుకొని, మట్టిలో గుంటలు తవ్వి నాతో వామనగుంటలు ఆడేది. ఓడిపోయినప్పుడల్లా గింజలు మింగేసినట్టు నటించేది.

ఆ పండ్ల కాలంలోనే పెత్రమాస, పెద్దల అమావాస్య, వచ్చేది. ఆ రోజు అవ్వ పొద్దున్నే తానం చేసి, పోయిన పెద్దల పేరు మీద గుమ్మడికాయ కూర, బియ్యపన్నం వండి, ముందు కాకికి పెట్టి, తర్వాతే మాకు పెట్టేది. అన్నం వాసన ఏడాదికి నాలుగైదు సార్లే తగిలే ఇంట్లో, కాకి తినేదాకా ఆగడమంటే పిల్లలకు మామూలు కష్టం కాదు. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలు. తంగేడు పూలకు పోయివచ్చిన చేతులు పసుపుపచ్చగా ఉండేవి. పల్లీలు, నువ్వులు వేయించి బెల్లంతో దంచిన సత్తుముద్ద ఆ చేతుల్లో పెడితే పూల చేదు కూడా కొంచెం అంటుకొని వచ్చేది. అవ్వ దవడన పొగాకు పెట్టుకొని, నడుముకు వక్కల తిత్తి చెక్కుకొని, ఆడేవాళ్ళ తప్పులు ఎంచుతూ కూర్చునేది. ఎక్కువ తప్పులు మా అమ్మవే. అంబలిలో ఉప్పు దగ్గర మొదలైన కొట్లాట వాళ్ళిద్దరికీ పూల దాకా సాగేది.

నాకు తొమ్మిదేళ్ళు, ఎల్లికి అయిదేళ్ళు ఉన్నప్పుడు, కంది కోతల కాలంలో, చలిజ్వరంతో అమ్మ పోయింది. దవాఖానకు తీసుకుపోవడానికి బండి కట్టేసరికే అయిపోయింది. నాయిన అప్పటికే కూలీల గుంపు మేస్త్రికి మాటిచ్చి ఉన్నాడు. కృష్ణ మీద కట్టే ప్రాజెక్టు పనికి తనతోపాటు నన్నూ తీసుకొస్తానని. రాళ్ళు ఎత్తే తట్ట చిన్నదైతే తొమ్మిదేళ్ళ పిల్లా మోస్తుంది. నా ఈడు వాళ్ళు చాలామంది అట్లాగే పోయారు. వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, వాగు ఒడ్డున బండ మీద విస్తట్లో పెట్టి, అందరూ వెనక్కి జరిగి కూర్చుంటారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళు తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే వాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని, బతికున్నవాళ్ళు ఆ కోరిక ఏమిటో ఊహించి, తీరుస్తామని పైకి చెప్పాలి. సరైన మాట పడ్డప్పుడు పిట్ట దిగుతుంది.

ఆ రోజు జొన్నరొట్టె, కోడికూర, చిన్న ముంతలో కల్లు పెట్టారు. వాగు అవతల మోదుగు చెట్టు మీద రెండు కాకులు కూర్చొని మావైపు చూడనైనా చూడలేదు. పొద్దు నెత్తి మీదికి వస్తోంది. అమ్మకు అత్త గనక, ఇంటికి పెద్ద గనక, అవ్వ లేచి నిలబడింది.

"కోడలా, ఇగ నీతోని కొట్లాడ. రా."

గుంపులో ఒకాయన, "కొట్లాడుదామన్నా ఇగ యాడ దొరుకుతదవ్వా నీకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాయిన కూడా తలవంచుకొని నవ్వాడు. కాకులు కదలలేదు.

"నీ చిన్నదాన్ని నేను సాదుత. కడుపునిండ పెడుత. రా."

ఒక కాకి ముక్కును కొమ్మకు రాసుకుంది.

"బతికున్నప్పుడు గూడ గింతే. పిలిస్తే పలికేది కాదు," అని అవ్వ కొంతసేపు నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది. తర్వాత అన్నది: "పెద్దదాన్ని గుంపుల పంపం. బడికి పంపుతం. సదువు అయిందాంక సదివిస్తం. రా."

కాకి వచ్చింది. రొట్టె ముక్క ఒకటి, కూర ముక్క ఒకటి ఎత్తుకొని పోయింది. అందరూ లేచి బట్టలు దులుపుకున్నారు.

ఇంటి దారిలో నాయిన, "ఏందవ్వా గట్లంటివి? నేను మేస్త్రికి మాటిచ్చిన," అన్నాడు. ఆయన కూడా తల్లిని అవ్వా అనే పిలిచేవాడు.

"మేస్త్రి బతికే ఉన్నడు గదరా. పోయి చెప్పు. గీమెకు యాడికి పోయి చెప్తవు?"

ఎండాకాలానికి గుంపు పోయింది, నేను పోలేదు. కొత్తకోట బడి, తర్వాత పాలమూరు హాస్టలు, తర్వాత ఉద్యోగం. అవ్వ తన రెండో మాట కూడా నిలబెట్టుకుంది. తాను తినకపోయినా ఎల్లికి పెట్టి సాదింది. కానీ ఎల్లిని బడికి పంపుతామని వాగు ఒడ్డున ఎవరూ అనలేదు. పన్నెండో ఏట ఎల్లి నాయినతో గుంపులో పోయింది. నేను పోవలసిన జాగాలో పోయింది.

హాస్టల్లో పరీక్షలప్పుడు అమ్మ పైనుంచి చూస్తోందనుకొని చదివేదాన్ని. ఉద్యోగం వచ్చిన ఏడు పెత్రమాసకు ఊరికి వెళ్ళి, గుమ్మడికాయ తరుగుతున్న అవ్వ పక్కన కూర్చొని అడిగాను.

"అవ్వా, నన్ను చదివియ్యాలని అమ్మ ఎప్పుడన్న అనేదా?"

"నాకేమెరుక బిడ్డా. పొద్దెక్కవట్టె, అందరికి ఆకలాయె. నోటికొచ్చింది అన్న."

"మరి కాకి ఎందుకొచ్చింది?"

"దానికి గూడ ఆకలైంది."

ఆమె తరగడం ఆపలేదు.

"మరి ఉత్త మాటే అయితె నన్నెందుకు పంపినవు?"

"అన్నంక పంపకుంటె ఎట్లనే?" అని, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు నావైపు చూసింది.

ఆ రోజు నుంచి పైన ఎవరూ చూస్తున్నారనుకోలేదు. మరుసటి సోమవారం పది గంటలకు ఆఫీసుకు వెళ్ళి, ఎప్పటిలాగే పని చేసుకున్నాను. పైనుంచి చూసే మనిషి లేకుండా కూడా ఆ పని జరిగింది. అందులో నాకు బాధగాని తేలికగాని కలిగిన గుర్తు లేదు.

ఎల్లి ప్రాజెక్టుల వెంట తిరిగింది. పనుల దగ్గరే పెళ్ళయింది, పనుల దగ్గరే మొగుడు పోయాడు. సామేలుకు జ్వరం వచ్చి మాట పడిపోయినప్పుడు పక్క గుడారంలోని వాళ్ళు ప్రార్థన చేశారు, పిల్లవాడు లేచాడు. ఎల్లి బాప్తిస్మం తీసుకొని మరియమ్మ అయింది, కొడుకు పేరు సామేలని మార్చింది. నాకు మాత్రం ఎల్లే. ఊరికి తిరిగి వచ్చాక ప్రతి ఆదివారం రేకుల షెడ్డులో జరిగే ప్రార్థనకు పోయేది. ఆమెకు మరణం తర్వాత ఏముందన్న దానిలో ఏ సందేహమూ లేదు.

"మనం అక్కడ కలుస్తమక్కా."

"ఏ తారీఖున?"

"నువ్వు రాంగనే నీకు గూడ ఒక రిజిస్టరు ఇస్తడు దేవుడు, రాసుకుంట కూసుందువు," అని పడిపడి నవ్వేది. "ఒక్క ఆదివారం రా. నా పక్కకు కూసో."

"నాకు నమ్మకం లేదు ఎల్లీ."

"నమ్మకం ఎవరడిగిన్రు? చాప మీద జాగ ఉంది."

నేను పోలేదు. పోకపోవడానికి పెద్ద కారణం కూడా లేదు, ఆదివారం బట్టలు ఉతుక్కునే రోజు.

బొంద పెట్టి వస్తుంటే సామేలును అడిగాను, మూడొద్దులకు పిట్టకు పెడతారా అని. కొత్తకోటలో కరెంటు పని చేసే నెమ్మదైన పిల్లవాడు. "పెద్దమ్మా, మా మతంల గా పద్ధతి లేదు. ఆదివారం నాలుగింటికి ప్రార్థన ఉంటది. అమ్మ ఎప్పుడో ప్రభువు దగ్గరికి చేరింది, ఇగ కాకితోని ఏం పని?" అన్నాడు. నాకు కాకి మీద నమ్మకం ఉందని కాదు, వేరే ఏమీ తెలియక అడిగాను.

ఆ ఆదివారం అన్నం వండి, కొంత అన్నం, బాగా పండిన సీతాఫలం ఒకటి బాదం ఆకులో పెట్టుకొని మేడ మీదికి వెళ్ళాను. పిట్టగోడ మీద పెట్టి వెనక్కి జరిగి కూర్చున్నాను. మా కాలనీలో కాకులు కనబడడం మానేసి చాలా ఏళ్ళయింది. నీళ్ళ ట్యాంకుల మీద పావురాలు ఉన్నాయి, అవి కూడా రాలేదు. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి, ఇంటికి పెద్దను నేనే. ఎల్లి పుట్టిన తిథి నాకు తెలుసు. ఏ ఏడు ఏ పని మీద ఎక్కడుందో తెలుసు. ఏ కాలికి తట్ట జారి దెబ్బ తగిలిందో తెలుసు. ఆమెకు ఏం కావాలని ఉండేదో తెలియదు. సీతాఫలాలు ఇష్టం, కానీ అవి ఆమె పంపినవే. కొడుకు బాగున్నాడు, మనుమరాలు బడికి పోతోంది. తన దేవుడి దగ్గర ఆమెకు లోటేమీ ఉండదని ఆమే చెప్పింది. ఎంత ఆలోచించినా తీర్చవలసిన కోరిక ఒక్కటీ దొరకలేదు.

పొద్దెక్కింది, నాకు ఆకలైంది. లేచి నిలబడి నోటికొచ్చింది అన్నాను.

"ఎల్లీ, నీ జాగల నేను కూసుంట. ఆదివారం ఆదివారం. రా."

ఏ పిట్టా రాలేదు. కొంతసేపటికి చీమలు వచ్చాయి.

కిందికి దిగి అన్నం తిని, ఒకటిన్నర బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ ఇచ్చాడు. రేకుల షెడ్డు దగ్గర సామేలు నన్ను చూసి, "పెద్దమ్మా, నువ్వా?" అన్నాడు. "చాప మీద జాగ ఉందా?" అంటే కుడివైపు గోడ పక్కన చూపించాడు. ఎల్లి వీపు ఆనించి ఆనించి ఆ గోడకు సున్నం అరిగి ఉంది. అక్కడ కూర్చున్నాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పోతున్నాను. బట్టలు శనివారమే ఉతుక్కుంటున్నాను. పాట పాడను, కళ్ళు మూసుకోను. పాస్టరుగారు మర్యాదస్తుడు, ఒకసారి నెమ్మదిగా, "నమ్ముతున్నారా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఇంత దూరం ఎందుకొస్తున్నరు?" అన్నాడు. "రమ్మని మా చెల్లె అడిగింది, వస్తనని చెప్పిన," అన్నాను. చెప్పినప్పుడు ఆమె లేదని, కాకి కూడా లేదని ఆయనకు చెప్పలేదు.

పోయినవి ఇక్కడ రాసి పెడుతున్నాను. అమ్మ. అవ్వ. నాయిన. గుట్టలో సగం, కంకర మిషను కిందికి పోయింది. వాగు ఒడ్డు బండ, కొత్త రోడ్డు కింద పడింది. జొన్న చొప్ప మా ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు. వామనగుంటలు ఆడగలిగినవాళ్ళు, నేను గాక, లేరు. మా కాలనీలో కాకులు. ఆరు సీతాఫలాల్లో ఒకటి చీమలకు పోయింది, నాలుగు కుళ్ళిపోయాయి, ఒకటి తిన్నాను, తియ్యగానే ఉంది. ఎల్లి.