గోడకు ఆనించిన సైకిలు

"సీటు కనిపించలేదని గొడవ మొదలయ్యాక ముందు ఎవరి సంచీ విప్పారనుకున్నావు?" అన్నాడు సైకిళ్ళ మావయ్య, స్టాండు మీద చక్రం తిప్పి దాని వంకర చూస్తూ.

కొట్లో ముక్కాలిపీట మీద కూర్చున్న మేనకోడలు తడుముకోకుండా, వ్యాను డ్రైవరుది అంది.

"చూశావా, నువ్వు ఊళ్ళోంచి కదలకుండానే చెప్పేశావు. నేను దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్తే గానీ తెలుసుకోలేదు" అని నవ్వాడు.

పసిపిల్లల గుండె ఆపరేషన్లకు చందాలు పోగుచేస్తూ నలభై మంది ఇరవై ఆరు రోజులు సైకిలు తొక్కారు. వాళ్ళ బళ్ళు బాగుచేసే పని మావయ్యది. వెనకే సామాన్ల వ్యాను వచ్చేది. బళ్ళను రెండు వేళ్ళతో ఎత్తేయొచ్చట, తొక్కేవాళ్ళే కాస్త బరువట. పొద్దున్నే గోడకు ఏ బండి ఆనించి ఉన్నా, ఎవరిదని అడక్కుండా బాగుచేయడం ముప్పై ఏళ్ళుగా ఆయన పద్ధతి. దారిలోనూ అదే నడిపాడు.

పన్నెండో రోజు రాత్రి బస ఒక బడిలో. వరసలో చివరి బండి తనదేనని, దానికి కొత్త మెత్తటి సీటు వేయమని యాత్ర నడిపించే డాక్టరుగారు ముందే చెప్పారు. తెల్లవారుజామున మావయ్య టార్చి నోట కరుచుకుని పని చేసుకుంటూ వరస చివరికి వచ్చేసరికి, అక్కడ బడి ఊడ్చే ఆవిడ సైకిలు చేరి ఉంది. రేకు తేలిన సీటు, దాని చుట్టూ గోనెపట్టా.

మరి అది పొరపాటేనా అని మేనకోడలు నిలదీసింది.

"సగం పొరపాటు. బరువు చూడగానే మనవాళ్ళది కాదని చేతికి తెలిసింది. అప్పటికే స్పానరు తిరిగింది. ఇక ఆపబుద్ధి కాలేదు."

ఆవిడ వచ్చి సీటు నొక్కి చూసి, ఇదెవరిది అన్నయ్యా అంది. ఎక్కి చూడమ్మా అన్నాడు. చీపురు చేత్తో పట్టుకునే బడి ఆవరణ చుట్టూ రెండు చుట్లు కొట్టింది.

సాయంత్రం మజిలీలో, కొత్త సీటు ఏదని డాక్టరుగారు అడిగితే మావయ్య మాట దాటేశాడు, వెతుకులాట మొదలైంది. తొక్కేవాళ్ళనెవరూ అడగలేదు. డ్రైవరు సంచీ నేల మీద బోర్లించారు. రెండు చొక్కాలు, ఒక దువ్వెన, కూతురికి కొన్న గులాబీరంగు గౌను. అతను గౌనుకంటిన మట్టి దులుపుతూ నిలబడ్డాడు. ఆ పూటతో ఉద్యోగం సరి అని అందరికీ తెలుస్తూనే ఉంది. చెబితే తననూ అక్కడే దింపేస్తారని మావయ్యకు తెలుసు. అయినా ముందుకొచ్చాడు.

"నేనే వేశానండీ, బడి ఊడ్చే ఆవిడ బండికి. రోజూ రానూపోనూ ఇరవై నాలుగు కిలోమీటర్లు తొక్కుతుందండీ, చప్పట్లు కొట్టేవాళ్ళు లేకుండా."

డాక్టరుగారు నేల మీద చతికిలబడి, ఆ బట్టలు తానే మడతపెట్టి సంచీలో సర్ది, డ్రైవరు చేతులు పట్టుకున్నారు. మిగిలిన పదమూడు రోజులూ తన పాత గట్టి సీటు మీదే, లేస్తూ కూర్చుంటూ తొక్కారు. ఎత్తు ఎక్కుతున్నప్పుడల్లా వెనకనుంచి డ్రైవరు హారను కొట్టి హుషారు చేసేవాడు.

"వెళ్ళింది మంచి పనికే. సంచీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి కళ్ళూ ఒక్కవైపే తిరిగాయి. నావీ తిరిగాయమ్మా, సీటు వేసింది నేనేనని తెలిసి కూడా."

ఈ ఏడు మళ్ళీ రమ్మని మావయ్యకు కబురొచ్చింది. డ్రైవరుకు రాలేదు. మేనకోడలు లేవబోతుంటే ఆయన చక్రం ఆపాడు.

"నీ రాత ముత్యాల్లా ఉంటుంది. డాక్టరుగారికి ఒక ఉత్తరం రాయి, ఆ డ్రైవరు తమ్ముడు రాకపోతే నేనూ రానని. గట్టిగా రాయి, మర్యాద తప్పకుండా. ఇవాళే పోస్టులో పడాలి, వెళ్ళు."